అప్‌గ్రేడ్ చేశాక 144 హెర్ట్జ్ కనిపించకపోతే మానిటర్ పోయినట్టేనా?

ప్రశ్న: అన్నా, మాది ఖమ్మం. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. ఆరేళ్ల కిందట అసెంబుల్ చేయించిన సిస్టమ్, ఐ5 9400 ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు. ఎదురుగా 24 అంగుళాల 144 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చేది), పక్కన ఒక పాత 60 హెర్ట్జ్ మానిటర్. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి కదా అని పోయిన ఆదివారం సిస్టమ్ విప్పి దుమ్ము దులిపి, అన్నీ మళ్లీ బిగించి, రాత్రికి విండోస్ 11 పెట్టాను. అప్పటి నుంచి పెద్ద మానిటర్‌లో మౌస్ బరువుగా కదులుతోంది, టైమ్‌లైన్ జరిపితే ముద్దముద్దగా కనిపిస్తోంది. సెట్టింగ్స్‌లో చూస్తే 60, 59.94 తప్ప ఇంకో అంకె లేదు. రోజుకి రెండు మూడుసార్లు స్క్రీన్ ఒక్క సెకను నల్లగా అయిపోయి మళ్లీ వస్తోంది. కళ్లు కూడా లాగుతున్నాయి. షాపతన్ని ఫోన్‌లో అడిగితే ప్యానెల్ పోయి ఉంటుంది, పన్నెండు వేలలో కొత్తది వస్తుంది అన్నాడు. మా ఫ్రెండేమో విండోస్ 10కి వెనక్కి వెళ్లిపొమ్మంటున్నాడు. సీజన్ మొదలయ్యేలోపు ఇది తేలాలి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటావు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ కొత్త మానిటర్ కొనే ఆలోచన పక్కన పెట్టు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ప్యానెల్ పోయిందని చెప్పే లక్షణం అందులో ఒక్కటీ లేదు. ప్యానెల్ పోతే నిలువు గీతలు వస్తాయి, ఏదో ఒక మూల మచ్చలా నల్లబడుతుంది, రంగులు మారిపోతాయి, సగం స్క్రీన్ వెలిగి సగం వెలగదు. సెట్టింగ్స్ జాబితాలో 144 అనే అంకె లేకపోవడానికి, ప్యానెల్‌కి ఏ సంబంధమూ లేదు. చూడకుండా, ఫోన్‌లో నాలుగు మాటలు విని ప్యానెల్ పోయిందని తేల్చడం ఎవరి వల్లా అయ్యే పని కాదు. రాత్రుళ్లు కూర్చుని ఎడిట్ చేసి సంపాదించే పన్నెండు వేలు ఇలా పోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఆ జాబితా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సగం చిక్కు వీడిపోతుంది. 60, 120, 144 అనే అంకెలు విండోస్ తనంతట తాను రాసుకున్నవి కావు. ప్రతి మానిటర్‌లోనూ ఒక చిన్న మెమరీ చిప్ ఉంటుంది, అందులో ఆ మానిటర్ గురించిన చీటీ లాంటిది రాసి ఉంటుంది, దాన్నే ఈడీఐడీ అంటారు. 128 బైట్ల ముక్కలుగా ఉంటుంది, అంతే. నేను ఈ కంపెనీ వాడిని, నా సైజు ఇంత, నేను ఇన్ని చుక్కల రిజల్యూషన్‌లో ఈ వేగంతో నడవగలను అని అందులో ఉంటుంది. కేబుల్ పెట్టగానే గ్రాఫిక్స్ కార్డు ఆ చీటీ అడిగి తెప్పించుకుని చదువుతుంది, తన వల్ల కానివి, ఆ పోర్టు వల్ల కానివి కొట్టేస్తుంది, మిగిలినవి విండోస్‌కి ఇస్తుంది. నువ్వు చూస్తున్న జాబితా అలా కొట్టివేతలన్నీ అయ్యాక మిగిలినది. కాబట్టి 144 పోయిందంటే మానిటర్‌కీ విండోస్‌కీ మధ్య దారిలో ఎవరో దాన్ని కొట్టేశారు, లేదంటే చీటీ పూర్తిగా చేరలేదు. ఎక్కడ ఆగిందో వెతకడమే మన పని.

ఇప్పుడు నీ ఉత్తరంలోనే ఉన్న ఆధారాలు చూద్దాం. మొదటిది, జాబితాలో 60తో పాటు 59.94 కూడా కనిపిస్తోందన్నావు. అది చాలా పనికొచ్చే మాట. ఆ వింత అంకె టీవీల లోకం నుంచి వచ్చింది. 1953లో అమెరికాలో కలర్ టీవీకి ప్రమాణం ఖరారు చేసినప్పుడు రంగుల సిగ్నల్, శబ్దం సిగ్నల్ ఒకదానికొకటి అడ్డు పడకుండా 60ని 1001 వంతుల్లో 1000 వంతులకు తగ్గించారు, అలా 59.94 అయింది, ఇప్పటికీ టీవీ సిగ్నళ్లలో అది అలాగే ఉండిపోయింది. ఇలాంటి టీవీ తరహా వేగాలు మానిటర్ చీటీలో సాధారణంగా రెండో ముక్కలో, హెచ్‌డీఎంఐ వైపు నుంచి వస్తాయి. అంటే నీ మానిటర్ చీటీ విండోస్‌కి చేరుతోంది, చిప్ బతికే ఉంది, చాలావరకు నువ్వు హెచ్‌డీఎంఐ కేబుల్ మీదే ఉన్నావు. మరి ఆదివారం కంటే ముందు కూడా హెచ్‌డీఎంఐ మీదే ఉందా, లేక డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో రకం కేబుల్ మీద ఉందా? ఇది నువ్వే గుర్తు చేసుకోవాలి.

రెండో ఆధారం, అదే రోజు సిస్టమ్ విప్పి దులిపావు. మనందరం అప్‌గ్రేడ్ మీదే నెపం వేస్తాం, ఎందుకంటే ఆ రోజు జరిగిన పెద్ద పని అదే. కానీ ఆ రోజు కేబుళ్లన్నీ పీకి మళ్లీ పెట్టావు కదా, ఆ సంగతి ఉత్తరంలో ఒక్క ముక్కలో దాటేశావు. నాకు ఎక్కువ అనుమానం దాని మీదే.

ఎందుకంటే నాకు ఇదే జరిగింది. కొత్త విండోస్ పెట్టిన రెండో రోజు నుంచి స్క్రీన్ 60 దగ్గర ఇరుక్కుపోయింది. రెండు సాయంత్రాలు డ్రైవర్లు (విండోస్‌తో కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) తీసేయడం, మళ్లీ వేయడం, రీస్టార్ట్ చేయడం, ఇదే పని. మూడో రోజు సెట్టింగ్స్‌లో ఒక లైను కంటపడింది. అందులో నా గ్రాఫిక్స్ కార్డు పేరుండాల్సిన చోట ఇంటెల్ అని ఉంది. కేబినెట్ వెనక్కి వెళ్లి ఫోన్ టార్చ్ వేసి చూస్తే, హెచ్‌డీఎంఐ పిన్ను పైన యూఎస్‌బీల గుంపు పక్కన ఉన్న రంధ్రంలో ఉంది. అది మదర్‌బోర్డు పోర్టు. కార్డు పోర్టులు దానికి జానెడు కింద, అడ్డంగా ఒకే వరసలో ఉన్నాయి. ఇల్లు తుడిచిన రోజు కేబుల్ తీసి, చీకట్లో తడుముతూ చేతికందిన మొదటి రంధ్రంలో పెట్టేశాను. కింది వరసలోకి మార్చగానే 144 వచ్చేసింది. ఆ రెండు సాయంత్రాలు నీకు పోకూడదు.

కాబట్టి ఏ డ్రైవరూ ముట్టుకోకుండా ముందు ఇది చూడు. సెట్టింగ్స్ తెరిచి సిస్టమ్, అందులో డిస్‌ప్లే, కిందకి జరిపితే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే అని ఉంటుంది. ఆ పేజీ పైన ఏ మానిటర్ గురించి చూస్తున్నావో ఎంచుకునే పెట్టె ఉంటుంది, రెండు మానిటర్లున్న వాళ్లు చాలామంది దాన్ని గమనించరు, పాత 60 మానిటర్ జాబితా చూస్తూ 144 లేదేంటని కంగారు పడతారు. నువ్వు పెద్ద మానిటర్‌నే ఎంచుకున్నావని రూఢి చేసుకో. దాని కింద ఆ డిస్‌ప్లే దేనికి కనెక్ట్ అయి ఉందో పేరుతో సహా రాసి ఉంటుంది. ఎన్‌విడియా జీఫోర్స్ జీటీఎక్స్ 1650 అని ఉంటే సరే. ఇంటెల్ యూహెచ్‌డీ గ్రాఫిక్స్ 630 అని ఉంటే దొరికిపోయింది, కేబుల్ తప్పు చోట ఉంది. నీ ప్రాసెసర్ 9400, చివర్లో ఎఫ్ అక్షరం లేదు, అంటే దానికి సొంత గ్రాఫిక్స్ ఉంది, అందుకే మదర్‌బోర్డు పోర్టులో పెట్టినా బొమ్మ వస్తుంది. 9400ఎఫ్ అయి ఉంటే ఆ పోర్టులో ఏమీ వచ్చేదే కాదు, అప్పుడే తెలిసిపోయేది. ఇలా బొమ్మ రావడం వల్లే మనం తప్పు చోట పెట్టామనే అనుమానం రాదు.

అదే పేజీలో ఇంకో రెండు లైన్లుంటాయి, డెస్క్‌టాప్ మోడ్ ఒకటి, యాక్టివ్ సిగ్నల్ మోడ్ ఒకటి. మొదటిది విండోస్ తన డెస్క్‌టాప్‌ని ఎంత సైజులో గీస్తోందో చెబుతుంది, రెండోది కేబుల్‌లోంచి నిజంగా ఏం వెళ్తోందో చెబుతుంది. రెండింట్లోనూ 1920, 1080 ఉండాలి. వేరేగా ఉంటే రిజల్యూషన్ దగ్గరికి వెళ్లి రికమెండెడ్ అని రాసి ఉన్నదే ఎంచుకో, ఆ తర్వాత మళ్లీ వచ్చి వేగాల జాబితా చూడు. ఎందుకంటే నువ్వు ఆ క్షణంలో ఉన్న రిజల్యూషన్‌కి సరిపోయే వేగాలే అక్కడ కనిపిస్తాయి.

కేబుల్ కార్డులోనే ఉంది, అయినా 60 మాత్రమే ఉంది అనుకుందాం. అప్పుడు డిస్‌ప్లేపోర్ట్‌కి మారు. 1650 కార్డులు చాలా మోడళ్లలో ఒక డిస్‌ప్లేపోర్ట్, ఒక హెచ్‌డీఎంఐ, ఒక డీవీఐతో వచ్చాయి. ఆ రోజుల్లో అమ్మిన 144 మానిటర్లలో చాలావాటికి పూర్తి వేగం డిస్‌ప్లేపోర్ట్‌లోనే వచ్చేది, హెచ్‌డీఎంఐలో పెడితే 120 దగ్గరో, అంతకంటే కిందో ఆగిపోయేవి. నీది ఏ రకమో మానిటర్ మాన్యువల్‌లో పోర్టు పక్కనే రాసి ఉంటుంది. రెండు పిన్నులనీ చూడగానే గుర్తుపట్టవచ్చు. హెచ్‌డీఎంఐకి కింది వైపు రెండు మూలలూ వాలుగా ఉంటాయి, డిస్‌ప్లేపోర్ట్‌కి ఒక్క మూల మాత్రమే కోసినట్టు ఉంటుంది, చాలావాటికి పైన చిన్న నొక్కుడు బటన్, ముందు రెండు సన్నటి కొక్కేలు ఉంటాయి. తీసేటప్పుడు ఆ బటన్ నొక్కి పట్టుకుని తియ్యాలి, ఊరికే లాగితే కార్డు పోర్టే ఊడొస్తుంది. పెట్టేటప్పుడు టిక్కుమని చిన్న శబ్దం వచ్చేదాకా నొక్కు. మానిటర్ కొన్నప్పటి అట్టపెట్టె అటక మీద ఉంటే ఒకసారి దించి చూడు, డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ అందులో సీలు కూడా తీయకుండా ఉండి ఉండవచ్చు. నీ కేసులో నాకు ఎక్కువగా తోచేది ఇదే: ఇన్నాళ్లూ పెద్ద మానిటర్‌కి డిస్‌ప్లేపోర్ట్ ఉండేది, ఆదివారం సర్దుడులో రెండు మానిటర్ల కేబుళ్లూ అటూఇటూ మారిపోయాయి.

కేబుల్ మార్చడం ఎందుకింత ముఖ్యమో ఒక లెక్క చెబుతాను. 1920, 1080 బొమ్మ ఒక్కటి అంటే ఇరవై లక్షల డెబ్బై మూడు వేల చుక్కలు, చుక్కకి 24 బిట్లు. సెకనుకి 60 బొమ్మలైతే దాదాపు 3 గిగాబిట్లు, 144 అయితే 7కి పైనే. అదే కేబుల్ మీద దాదాపు రెండున్నర రెట్ల బరువు. కొంచెం నలిగిన కేబుల్, నాణ్యత లేని కన్వర్టర్ 60 దగ్గర చక్కగా పని చేసి 144 దగ్గర చేతులెత్తేయడం అందుకే. నిన్నటిదాకా బాగానే పని చేసిన కేబులే కదా అనుకోకు, విప్పి మళ్లీ చుట్టేటప్పుడు ఒక్క మడత చాలు.

పోర్టు సరే, కేబుల్ సరే అన్నాక ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ చూడు. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేస్తే, లేకపోతే స్టార్ట్ మెనూలో వెతికితే దొరుకుతుంది. అందులో ఛేంజ్ రిజల్యూషన్‌లోకి వెళ్లి పెద్ద మానిటర్‌ని క్లిక్ చేయి. కింద రిజల్యూషన్ల పట్టీ ఉంటుంది, దాన్ని ఓపిగ్గా చివరిదాకా జరుపు. పైన అల్ట్రా హెచ్‌డీ, హెచ్‌డీ, ఎస్‌డీ అనే శీర్షిక కింద 1080 అని ఒకటి ఉంటుంది, ఇంకా కిందకి వెళ్తే పీసీ అనే శీర్షిక కింద మళ్లీ 1920, 1080 అని ఇంకోటి ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ పైది టీవీ జాబితా, అందులో వేగాలు టీవీ వేగాలే. 144 లాంటివి తరచూ కింద పీసీ శీర్షికలో ఉన్న దానికే కనిపిస్తాయి. విండోస్ మారినప్పుడు, డ్రైవర్ కొత్తగా పడినప్పుడు సిస్టమ్ వెళ్లి ఆ పైదాని మీద కూర్చుంటుంది, మనం దాని పక్కనున్న వేగాల పెట్టె తెరిచి అంతే ఉందనుకుని మూసేస్తాం. నువ్వు 59.94 చూశానన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ పేజీనే.

రేటు, అంటే ఈ హెర్ట్జ్ వేగం, మార్చగానే స్క్రీన్ ఒకసారి నల్లబడుతుంది, అది మామూలే. బొమ్మ రాకపోయినా కంగారు పడి పవర్ బటన్ నొక్కకు, ఏమీ ముట్టుకోకుండా ఉంటే 15 సెకన్లలో విండోస్ దానంతట అదే పాత వేగానికి తెచ్చేస్తుంది. బొమ్మ వస్తే కీప్ ఛేంజెస్ నొక్కడం మర్చిపోకు, నొక్కకపోతే అప్పుడు కూడా వెనక్కే పోతుంది. ఆ తర్వాత మానిటర్ కింద ఉన్న బటన్లతో దాని సొంత మెనూ తెరిచి ఇన్ఫర్మేషన్ పేజీలో ఎంత చూపిస్తోందో చూడు. విండోస్ మాట కంటే అదే నమ్మదగ్గది, ఎందుకంటే తనకు అందిన సిగ్నల్ ఎంతో మానిటర్ స్వయంగా కొలిచి చెబుతుంది. ఆ మెనూలోనే డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్ 1.1, 1.2 అని ఎంచుకునే వీలుంటే 1.2 మీద పెట్టు, కొన్ని మోడళ్లలో ఓవర్‌క్లాక్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తేనే పై వేగం జాబితాలోకి వస్తుంది. మానిటర్‌ని రీసెట్ చేసి ఉంటే ఇవి మారిపోయి ఉంటాయి.

ఇంకో చిన్న సంగతి, పది సెకన్ల పని. విండోస్ కీ పట్టుకుని పీ నొక్కు. డూప్లికేట్ అని ఉంటే ఎక్స్‌టెండ్‌కి మార్చు. రెండు మానిటర్లలోనూ ఒకే బొమ్మ చూపించమని అడిగితే చాలాసార్లు నెమ్మదైన దాని వేగానికే రెండూ దిగిపోతాయి.

డ్రైవర్ల గురించి నువ్వు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి రాస్తున్నాను. విండోస్ కీతో ఎక్స్ నొక్కి డివైస్ మేనేజర్ తెరువు, డిస్‌ప్లే అడాప్టర్లు అన్న చోట కార్డు పేరు ఉందా, లేక మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉందా చూడు. బేసిక్ అని ఉంటే అసలు డ్రైవర్ పడలేదని అర్థం, అప్పుడు రేటూ మారదు, రిజల్యూషనూ మారదు. నీకు రెండు మానిటర్లూ వెలుగుతున్నాయి, రిజల్యూషన్ తేడాగా ఉందని నువ్వు రాయలేదు, అందుకని అది కాదనే నా ఉద్దేశం. మానిటర్ల దగ్గర జెనరిక్ పీఎన్‌పీ మానిటర్ అని ఉంటే అది పూర్తిగా మామూలు విషయం, దాని కోసం ఏ సైట్‌లోనూ డ్రైవర్ వెతక్కు. జెనరిక్ నాన్ పీఎన్‌పీ అని ఉంటే మాత్రం చీటీ చేరడం లేదన్నమాట. అప్పుడు సిస్టమ్ ఆపి, మానిటర్ ప్లగ్గు కూడా గోడ నుంచి తీసి, ఒక నిమిషం ఆగి, కేబుల్ రెండు వైపులా మళ్లీ పెట్టి ఆన్ చేయి.

పోర్టూ కేబులూ కంట్రోల్ ప్యానెలూ అన్నీ చూసినా తేలకపోతే అప్పుడు మాత్రమే డ్రైవర్ మళ్లీ వేయి. ఎన్‌విడియా సొంత సైట్ నుంచే దింపుకో, ఎడిటింగ్ పని కాబట్టి స్టూడియో డ్రైవర్ తీసుకో. వేసేటప్పుడు కస్టమ్ ఎంచుకుని క్లీన్ ఇన్‌స్టలేషన్ అన్న పెట్టెలో టిక్ పెట్టు. ఆ కాసేపు ఇంటర్నెట్ తీసేయి, లేకపోతే మధ్యలో విండోస్ తన దగ్గరున్న డ్రైవర్ తెచ్చి పెడుతుంది. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తామని చెప్పే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం దయచేసి వెళ్లకు, పెళ్లి వాళ్ల ఫుటేజ్ అంతా ఉన్న సిస్టమ్ అది, ఎవరి పెళ్లీ రెండోసారి షూట్ చేయలేం.

ఇక ఒక్క సెకను నల్లబడటం. దీన్ని రేటు సమస్యతో కలిపేయకు, కారణం ఒకటే కావచ్చు, వేరే కావచ్చు. వదులుగా ఉన్న పిన్ను అయితే కేబుల్ గట్టిగా పెట్టగానే అదే పోతుంది. పోకపోతే, 144 వచ్చాక ఒక రోజు 120లో నడిపి చూడు. 120లో నల్లబడక 144లో నల్లబడుతుంటే కేబుల్ ఆ బరువు మోయలేకపోతోందని అర్థం, కేబుల్ మార్చు, అది కొన్ని వందల్లో పోయే ఖర్చు. రెండింట్లోనూ నల్లబడుతుంటే మానిటర్ మెనూలో అడాప్టివ్ సింక్ (కార్డు బొమ్మలు పంపే వేగానికి తగ్గట్టు స్క్రీన్ వేగాన్ని మార్చే ఏర్పాటు) ఆపి చూడు. హెచ్‌డీఎంఐ కేబుల్ కొనాల్సి వస్తే కవర్ మీద పెద్దక్షరాల్లో వేసే 2.0, 2.1 అంకెలు నమ్మి కొనకు, ప్రీమియం హై స్పీడ్ అనో అల్ట్రా హై స్పీడ్ అనో ముద్ర ఉందా చూడు, కేబుళ్లకు అధికారికంగా ఉన్న పేర్లు అవి. నల్లబడటం కాకుండా స్క్రీన్ ఆగకుండా మినుకుమినుకుమంటుంటే టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టు. అది కూడా మినుకుతుంటే డ్రైవర్ సంగతి, మిగతావన్నీ మినుకుతూ అదొక్కటీ నిలకడగా ఉంటే ఏదో సాఫ్ట్‌వేర్ సంగతి.

ఒక్కో మార్పు చేసి చూసి, తర్వాతే ఇంకోటి చేయి. నాలుగూ ఒకేసారి చేస్తే బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు, మళ్లీ వస్తే మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ఒక కాగితం మీద టైమ్ వేసి రాసుకో.

మీ ఫ్రెండ్ చెప్పినట్టు వెనక్కి వెళ్లే దారి ఉంది. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ అని ఉంటుంది. కానీ అది అప్‌గ్రేడ్ చేసిన రోజు నుంచి 10 రోజులే. ఆ తర్వాత పాత విండోస్ దాచిపెట్టిన ఫోల్డర్‌ని సిస్టమే తీసేస్తుంది. కాబట్టి ఈ పది రోజుల్లో డిస్క్ నిండిందని ఏ క్లీనప్పూ నడపకు, విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌ని నువ్వే తీసేయకు. అయినా నేను వెనక్కి వెళ్లమని చెప్పను. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది, కస్టమర్ల ఫైళ్లు, పేమెంట్లు అన్నీ ఆ సిస్టమ్ మీదే నడిపేవాడివి, రేటు కోసం భద్రత వదులుకోవద్దు. పైగా కేబుల్ తప్పు చోట ఉంటే విండోస్ 10లో కూడా నీకు 60యే వస్తుంది, అప్పుడు నిజంగానే మానిటర్ పోయిందని నమ్మేస్తావు. నాకు అదే భయం.

కళ్లు లాగుతున్నాయన్నావు. పాత డబ్బా లాంటి సీఆర్‌టీ మానిటర్ల రోజుల్లో 60 హెర్ట్జ్ అంటే స్క్రీన్ నిజంగానే వణికేది, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చున్న వాళ్లకి సాయంత్రానికి తలనొప్పి వచ్చేది, 75కో 85కో మార్చగానే హాయిగా ఉండేది. ఎల్‌సీడీలు అలా కాదు, 60లో ఉన్నా వెలుగు ఆరి వెలగదు. నీకు బరువుగా అనిపించడానికి కారణం కదలిక. మౌస్ బాణాన్ని అరసెకనులో ఈ చివర నుంచి ఆ చివరికి లాగావనుకో, 144లో అది దారిలో 72 చోట్ల కనిపిస్తుంది, 60లో 30 చోట్లే, అంటే ఒక్కో అడుగుకీ 64 చుక్కల గెంతు. 144కి అలవాటైన కళ్లు ఆ గెంతుల్ని వెంటాడి అలసిపోతాయి. రేటు సరి అయ్యాక కూడా వారం పాటు కళ్లు అలాగే ఉంటే కంటి డాక్టర్‌కి చూపించుకో, మానిటర్ మీద వేసి ఊరుకోకు.

నీ పనికి సంబంధించి ఇంకో మాట. మన దగ్గర పెళ్లి షూట్లు చాలావరకు 25 ఫ్రేముల్లోనో 50లోనో ఉంటాయి, మన టీవీ పద్ధతి, కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫంక్షన్ హాల్ లైట్లు వీడియోలో మినుకుమనకూడదని. 25ని 60లో సమానంగా పంచలేం, కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు కనిపిస్తాయి. అందుకే తలంబ్రాల దగ్గర కెమెరా నెమ్మదిగా అటు నుంచి ఇటు తిప్పిన షాట్ నీ స్క్రీన్ మీద కుదుపుగా కనిపిస్తుంది, ఫుటేజ్‌లో ఏ లోపమూ లేకపోయినా. 144లో కూడా 25 సమానంగా పడదు, 24 ఫ్రేములదైతే సరిగ్గా ఆరేసిసార్లు పడుతుంది. నీ మానిటర్ జాబితాలో 100 కనిపిస్తే, ఫైనల్‌గా చూసుకునేటప్పుడు 100కి మార్చుకో. 25 అయితే నాలుగేసిసార్లు, 50 అయితే రెండేసిసార్లు, లెక్క సరిపోతుంది. ఎడిటింగ్ చేసేటప్పుడు 144, కస్టమర్‌కి ఇచ్చే ముందు చూసేటప్పుడు 100. కుదుపు ఫుటేజ్‌దా స్క్రీన్‌దా అన్నది అప్పుడు నీకే తెలుస్తుంది.

ఇది చదువుతున్న వాళ్లలో ల్యాప్‌టాప్ వాళ్లుంటే వాళ్లకి ఈ పోర్టుల గొడవ లేదు. ఛార్జర్ తీయగానే వేగం 60కి పడిపోతుంటే అది బ్యాటరీ పొదుపు కోసం పెట్టిన ఏర్పాటు. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీలో డైనమిక్ రిఫ్రెష్ రేట్ ఆపేసి ఒక్క అంకె ఎంచుకోవాలి, అక్కడ లేకపోతే ఇంటెల్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ పేజీలో చూడాలి.

నీ విషయానికొస్తే, ఇవాళ రాత్రి పని ముగించాక అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీ ఫోటో ఒకటి, కేబినెట్ వెనక వైపు లైటు వేసి ఫోటో ఒకటి, మానిటర్ మెనూలో ఇన్ఫర్మేషన్ పేజీ ఫోటో ఒకటి తీసి పెట్టుకో. చాలావరకు ఆ మొదటి ఫోటోలోనే జవాబు నీకు కనిపిస్తుంది. కనిపించకపోతే మూడూ నాకు పంపు, అప్‌గ్రేడ్ చేసిన తేదీ కూడా రాయి, పది రోజుల గడువు దాటకముందే చూసి చెబుతాను.